సరైన కోర్సు చేతికందేలా వెతకడం

ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్ కోర్సుల్లో ‘ఇంట్రడక్షన్ టు మెషీన్ లెర్నింగ్’ అనే పేరుతో రెండున్నాయి. ఒకటి ఐఐటీ మద్రాస్ ఆచార్యుడు బలరామన్ రవీంద్రన్ చెప్పేది, 12 వారాలది. రెండోది ఐఐటీ ఖరగ్‌పూర్ ఆచార్యురాలు సుదేష్ణా సర్కార్ చెప్పింది, 8 వారాలది. పేరు ఒకటే, లోపలి దారులు మాత్రం వేరు. మొదటిదానిలో గణితం పాలు ఎక్కువ. ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా చేతిలో ఉన్నవాళ్లకు అది విందు భోజనం. రెండోది ముఖ్యమైన ఆల్గరిథమ్‌లను ఒక్కొక్కటిగా పరిచయం చేస్తూ, మధ్యమధ్యలో పైథాన్‌లో చేసి చూపిస్తుంది. బీటెక్ మూడో ఏడాది విద్యార్థి ఒకడు జాబితాలో ముందు కనబడిందని ఏదో ఒకదానిలో చేరిపోతాడు. నాలుగో వారం అసైన్‌మెంట్ దగ్గర చేతులెత్తేసి, ఈ సబ్జెక్టు తన వల్ల కాదని తేల్చేసుకుంటాడు. పక్క కోర్సులో చేరి ఉంటే అదే కుర్రాడు పరీక్ష దాకా వెళ్లేవాడేమో!

ఆన్‌లైన్ చదువు మధ్యలో ఆగిపోయినప్పుడు ఇంట్లోవాళ్లు బద్ధకం అంటారు, చదివేవాళ్లు టైమ్ కుదరలేదంటారు. చాలాసార్లు అసలు పొరపాటు అంతకు ముందే, కోర్సు వెతికిన ఆ పది నిమిషాల్లోనే జరిగిపోయి ఉంటుంది. పన్నెండు వారాల శ్రమను ఎక్కడ పెట్టాలో తేల్చే పనికి కనీసం ఒక సాయంత్రమైనా కేటాయించేవాళ్లు తక్కువ. వెతకడం నేర్చుకోదగ్గ పని అని ఎవరూ చెప్పకపోవడమే ఇందుకు కారణం.

ఇరవై ఏళ్ల కిందట ఈ చిక్కు లేదు. 2001లో ఎంఐటీ తన పాఠాలను ఓపెన్‌కోర్స్‌వేర్ పేరుతో అందరి ముందూ పెడతానని ప్రకటించినప్పుడు అదే ఒక వింత. 2003లో ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి ఎన్‌పీటెల్ మొదలుపెట్టాయి. 2011లో స్టాన్‌ఫోర్డ్ నుంచి సెబాస్టియన్ థ్రన్, పీటర్ నార్విగ్ చెప్పిన కృత్రిమ మేధ కోర్సుకు లక్షన్నరకు పైగా పేర్లు నమోదయ్యాయి. మరుసటి ఏడాదే కోర్సెరా, ఎడెక్స్ వేదికలు వచ్చాయి. 2017 జులై 9న మన ప్రభుత్వ వేదిక స్వయం ప్రారంభమైంది. పాఠం దొరకడమే కష్టంగా ఉన్న రోజులు పోయి, ఏ పాఠమో తేల్చుకోవడం కష్టమైన రోజులు వచ్చాయి. పైగా స్వయం ఒక్క సంస్థ నడిపేది కాదు. ఎన్‌పీటెల్, యూజీసీ, సీఈసీ, ఇగ్నో, ఎన్‌సీఈఆర్‌టీ, ఎన్ఐఓఎస్, ఏఐసీటీఈ, ఐఐఎం బెంగళూరు, ఎన్ఐటీటీటీఆర్ అని తొమ్మిది జాతీయ సమన్వయ సంస్థలు అందులో కోర్సులు పెడతాయి. పదకొండో తరగతి అకౌంటెన్సీ, పీజీ స్థాయి అకౌంటింగ్ ఒకే సెర్చ్ బాక్స్ వెనక ఉంటాయి. పేర్లు పెట్టే తీరు ఒక్కొక్కరిది ఒక్కో రకం.

సెర్చ్ బాక్స్ వెనక ఏం జరుగుతుంది

మామూలు సెర్చ్ యంత్రం వెతికేవారి మనసు చదవదు. లావుపాటి పుస్తకం చివర పదసూచిక ఉన్నట్టే, దాని దగ్గరా ఒక పట్టిక ఉంటుంది: ఫలానా పదం ఫలానా కోర్సుల్లో వచ్చింది అని. కొట్టిన పదాలను అందులో చూసి, దొరికిన కోర్సులను ఒక వరుసలో పెడుతుంది. ఆ వరుసకు వాడే లెక్కలో ఒక ముఖ్యమైన భాగం 1972లో కారెన్ స్పార్క్ జోన్స్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ప్రతిపాదించింది. అన్నిచోట్లా కనబడే పదానికి విలువ తక్కువ, కొద్దిచోట్లే కనబడే పదానికి విలువ ఎక్కువ అన్నది ఆమె సూత్రం. అర్ధ శతాబ్దం దాటినా సెర్చ్ యంత్రాలు దీని మీద ఆధారపడుతూనే ఉన్నాయి.

కోర్సు వెతికేవారికి ఇందులో నేరుగా పనికొచ్చే సంగతి ఉంది. ‘ఇంట్రడక్షన్’, ‘బేసిక్స్’, ‘కంప్లీట్’, ‘ఆన్‌లైన్’, ‘కోర్సు’ లాంటి మాటలు దాదాపు ప్రతి పేజీలోనూ ఉంటాయి కాబట్టి అవి కొట్టినా కొట్టకపోయినా ఒకటే. ఆ సబ్జెక్టులో తప్ప బయట వినబడని మాట ఏదో అదే కొట్టాలి. అకౌంటింగ్ అని కొడితే సముద్రం. ‘జీఎస్టీఆర్-3బీ’ అని కొడితే ఆ రిటర్న్ గురించి నిజంగా చెప్పిన చోటికే వెళ్లే అవకాశం ఎక్కువ.

అయితే చాలా వేదికల్లో సెర్చ్ కోర్సు పేరును, కింద ఉండే నాలుగు వాక్యాల పరిచయాన్ని మాత్రమే చూస్తుంది. పాఠం లోపలికి వెళ్లదు. అలాంటి చోట అరుదైన పదం కొడితే ‘ఫలితాలు లేవు’ అని వస్తుంది, వెతికేవారు నిరాశపడి వదిలేస్తారు. అక్కడ వదిలేయకూడదు. గూగుల్‌లో ‘సైట్’ అనే మాటను ఇంగ్లిష్‌లో కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా ఆ వేదిక చిరునామా ఇచ్చి, ఆ తర్వాత కావలసిన పదం రాస్తే, గూగుల్ ఆ వేదిక పేజీల్లో మాత్రమే వెతుకుతుంది. వేదిక సొంత సెర్చ్ చూపించని సిలబస్ పేజీలు ఈ దారిలో బయటపడుతుంటాయి. ఎన్‌పీటెల్ పాఠాలు యూట్యూబ్‌లోనూ ఉంటాయి, ఒక్కో వీడియోకు ఆ పాఠం పేరే శీర్షిక. కోర్సు పేరుతో దొరకనిది పాఠం పేరుతో అక్కడ దొరకవచ్చు. పలు వేదికల్లో ఒకేసారి చూడాలంటే 2011లో ధవళ్ షా మొదలుపెట్టిన క్లాస్ సెంట్రల్ లాంటి సూచికలు ఉన్నాయి.

రంగం వాడే మాట

పదం తెలిస్తే కదా కొట్టడానికి? అసలు చిక్కు ఇక్కడే ఉంది. నేర్చుకోవాలనుకునేవాడికి ఆ సబ్జెక్టు ఇంకా రాదు, దానిలోని మాటలూ రావు. కోర్సు రాసినవాడు మాత్రం ఆ మాటలతోనే రాస్తాడు. 1987లో ఫర్నాస్, లాండౌర్, గోమెజ్, డ్యూమే అనే నలుగురు పరిశోధకులు ఒకే వస్తువుకు, ఒకే పనికి జనం ఏ పేర్లు పెడతారో పరీక్షించి చూశారు. ఇద్దరు వ్యక్తులు తమంతట తాము ఒకే మాట ఎంచుకునే అవకాశం 20 శాతం కూడా లేదని తేలింది. అంటే మొదటిసారి కొట్టిన మాటకు సరైన ఫలితం రాకపోవడం మామూలు సంగతే. తెలివి తక్కువై కాదు, అందరికీ అంతే.

హార్వర్డ్‌లో డేవిడ్ మాలన్ చెప్పే ప్రసిద్ధ కోర్సు పేరు సీఎస్50, కంప్యూటర్ సైన్స్‌కు పరిచయం. సీ, పైథాన్, ఎస్‌క్యూఎల్ అన్నీ అందులో చేయిస్తారు. కానీ ‘కోడింగ్ నేర్చుకోవాలి’ అనుకునే కొత్తవాడి నోట్లో ఉన్న మాట ఆ పేరులో ఎక్కడా లేదు. వాయిదా వేసే అలవాటు పోగొట్టుకోవాలనుకునేవారికి బార్బరా ఓక్లీ, టెరెన్స్ సెజ్నోవ్‌స్కీ కోర్సెరాలో చెప్పిన ‘లెర్నింగ్ హౌ టు లెర్న్’ బాగా పనికొస్తుంది. ఆ పేరు వింటే మాత్రం టీచర్ల కోసం పెట్టిందేమో అనిపిస్తుంది.

తిరుపతిలో బీకాం పూర్తిచేసి, ఆఫీసు ఉద్యోగం కోసం చూస్తున్న ఒక అమ్మాయిని ఊహించుకుందాం. ఆమె మొదట కొట్టేది ‘కంప్యూటర్ కోర్సు’ అనే. వచ్చే ఫలితాల్లో హార్డ్‌వేర్ మరమ్మతు నుంచి కంప్యూటర్ నెట్‌వర్క్‌ల దాకా అన్నీ ఉంటాయి. కోర్సుల పేజీ మూసేసి ఉద్యోగ ప్రకటనల పేజీ తెరవడం అప్పుడు ఆమె చేయవలసిన పని. అకౌంట్స్ అసిస్టెంట్ పోస్టులకు వచ్చిన ప్రకటనలు ఓ పదిహేను వరుసగా చదివి, మళ్లీ మళ్లీ వచ్చే మాటలు కాగితం మీద రాసుకోవాలి. టాలీ, జీఎస్టీ రిటర్న్, బ్యాంక్ రీకన్సిలియేషన్, వీ-లుకప్, పైవట్ టేబుల్ వంటివి అక్కడ తగులుతాయి. ఆ కాగితం ఇప్పుడు ఆమె సెర్చ్ జాబితా. ఒక్కో మాటా విడిగా కొట్టి చూస్తే మరో సంగతి కూడా బయటపడుతుంది: వీ-లుకప్ నేర్చుకోవడానికి ఎనిమిది వారాల కోర్సు అక్కర్లేదు, ఒక పాఠం చాలు. జీఎస్టీకి మాత్రం పద్ధతిగా సాగే కోర్సు కావాలి. వెతికితే దొరికిన సరైన జవాబు కొన్నిసార్లు కోర్సే కాకపోవచ్చు. ఈ తేడా ముందే తెలిస్తే నెలలు మిగులుతాయి.

ఉద్యోగ ప్రకటనలే కాదు, ఆ సబ్జెక్టు పాఠ్యపుస్తకం చివరి పదసూచిక, ఏదైనా విశ్వవిద్యాలయం సిలబస్ కాగితం, ఆ పనిలో ఉన్న సీనియర్‌తో పావుగంట ఫోను, అన్నీ మాటలు ఇచ్చే చోట్లే. మొదటి సెర్చ్‌లో వచ్చిన ఫలితాలనూ ఇలాగే వాడుకోవాలి. చేరడానికి కాదు, మాటలు ఏరుకోవడానికి. రెండోసారి కొట్టే మాట మొదటిదాని కంటే ఎప్పుడూ పదునుగా ఉంటుంది.

తెలుగులో వెతికితే

తెలుగు మాధ్యమంలో చదివి, తెలుగులో పాఠం వింటే బాగుంటుందనుకునేవారికి కష్టం రెట్టింపు. ఇంగ్లిష్ సెర్చ్‌లో ఏకవచనం, బహువచనం తేడాను యంత్రం సులభంగా సర్దుకుంటుంది. తెలుగులో ‘గణితం’ అన్న మాట ‘గణితంలో’, ‘గణితాన్ని’, ‘గణితానికి’ అని రూపం మారుతూ పోతుంది. వీటన్నిటికీ మూలం ఒకటేనని నేర్పని యంత్రానికి ఇవి నాలుగు వేర్వేరు పదాలు. అరువు మాటల స్పెల్లింగ్ మరో తలనొప్పి: కోర్సు, కోర్స్, కంప్యూటర్, కంప్యూటరు, డేటా, డాటా. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో ట, వ అక్షరాలు ఒత్తుగా కలిసిపోకుండా ఆపడానికి మధ్యలో కంటికి కనబడని ఒక యూనికోడ్ గుర్తు పెడతారు. ఫోనులో టైప్ చేసేవారు చాలామంది దాన్ని పెట్టరు. మనిషికి రెండూ సాఫ్ట్‌వేరే. గుర్తును పట్టించుకోకుండా చూడడం నేర్పని యంత్రానికి ఒకదానితో మరొకదానికి సంబంధం లేదు.

వేదికలు ఇవన్నీ సరిచేసే దాకా తెలుగు విద్యార్థి చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. విభక్తులు తీసేసి మూల పదమే కొట్టాలి. సాంకేతిక పదాన్ని ఒకసారి తెలుగు లిపిలో, ఒకసారి ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి చూడాలి. అన్నిటికంటే మేలైన దారి, భాషను సెర్చ్ బాక్స్‌లో రాయకుండా ఫిల్టర్‌లో ఎంచుకోవడం. ఐఐటీ బొంబాయిలో మొదలైన స్పోకెన్ ట్యుటోరియల్‌లో సాఫ్ట్‌వేర్ పేరు ఒక పెట్టెలో, భాష ఇంకో పెట్టెలో ఎంచుకునే వీలుంది. ఒక్కోటి పది నిమిషాల చొప్పున లినక్స్, సీ, జావా, లిబ్రేఆఫీస్ లాంటివి తెలుగు గొంతుతో వినవచ్చు. ఎన్‌పీటెల్ కూడా కొన్ని కోర్సులకు తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లో అనువాదాలు పెట్టింది. ఇంత మంచి సరుకు తెలుగు పిల్లలకు కనబడకుండా ఉండిపోవడం బాధ కలిగించే విషయం.

ఫలితాలు వచ్చాక

జాబితాలో మొదట వచ్చింది మంచిదని నమ్మడం సహజం. ఆ వరుసలో పదం ఎంత సరిపోయిందన్న లెక్కతో పాటు ఎంతమంది చేరారు, వేదిక దేన్ని ముందుకు తోయాలనుకుంటోంది అన్న లెక్కలు కూడా కలిసి ఉండవచ్చు. నక్షత్రాల రేటింగ్‌నూ అంతే జాగ్రత్తగా చూడాలి. రేటింగ్ ఇచ్చేవారిలో చివరి దాకా ఉన్నవాళ్లే ఎక్కువ. రెండో వారంలో అర్థంకాక వెళ్లిపోయినవారి మాట అందులో వినబడదు.

తేదీ చూడడం చాలామంది మరిచిపోతారు. ఆండ్రూ ఎన్‌జీ 2011లో మొదలుపెట్టిన మెషీన్ లెర్నింగ్ కోర్సులో అభ్యాసాలు ఆక్టేవ్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చేయాల్సి వచ్చేది. 2022లో దాని స్థానంలో పైథాన్‌తో నడిచే మూడు కోర్సుల స్పెషలైజేషన్ వచ్చింది. పాత కోర్సును పొగుడుతూ రాసిన సలహాలు ఇంకా ఎన్నో చోట్ల ఉన్నాయి. అవి చదివి వెళ్లినవారు తాము విన్న కోర్సు ఇదేనా అని తికమక పడతారు.

ఎన్‌పీటెల్ కోర్సు పేజీని కింది నుంచి పైకి చదవడం మంచి అలవాటు. ముందు పుస్తకాల జాబితా, తర్వాత వారాలవారీ పాఠ్య ప్రణాళిక, ఆపైన ముందుగా ఏం తెలిసి ఉండాలి, ఎవరి కోసం అన్న పంక్తులు, చివరికి పరిచయ వాక్యాలు. పరిచయం ఆకట్టుకోవడానికి రాసేది, ప్రణాళిక మాత్రం పని చేయడానికి రాసింది. ‘పైథాన్’ అని కొడితే వచ్చే మూడు ఎన్‌పీటెల్ కోర్సులను ఇలా పక్కపక్కన పెట్టి చూడవచ్చు. ‘ది జాయ్ ఆఫ్ కంప్యూటింగ్ యూజింగ్ పైథాన్’ 12 వారాలు, ఎప్పుడూ ప్రోగ్రాం రాయనివారి కోసం. మాధవన్ ముకుంద్ చెప్పిన ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్లు, ఆల్గరిథమ్‌ల కోర్సు 8 వారాలు, పైథాన్‌లో ప్రోగ్రాం రాయడం నుంచి ఆల్గరిథమ్‌ల దాకా వేగంగా వెళుతుంది. ‘పైథాన్ ఫర్ డేటా సైన్స్’ 4 వారాలు, దాని దృష్టి అంతా డేటా విశ్లేషణ మీదే. వారాల సంఖ్య చూసి నాలుగు వారాలదే తేలికని దూకేవారు కొత్తగా నేర్చుకునేవారైతే ఇబ్బంది పడతారు. నిడివికీ తేలికదనానికీ సంబంధం లేదు.

తర్వాతి పరీక్ష ఒక గంటలో అయిపోతుంది. మొదటి వీడియో చూసి నిర్ణయించుకోకూడదు, మొదటి వీడియోలో అందరూ బాగానే చెబుతారు. మూడో వారంలోని ఒక పాఠం తెరిచి, అందులో వచ్చే మాటల్లో సగమైనా పోల్చుకోగలుగుతున్నారా అని చూసుకోవాలి. ఎన్‌పీటెల్‌లో చాలా కోర్సులు మొదలు కాకముందే ‘అసైన్‌మెంట్ 0’ అని ఒకటి పెడతాయి, ముందు తెలిసి ఉండాల్సినవి తెలుసా లేదా అని చూసుకోవడానికి. మార్కులు లేవని దాన్ని వదిలేసేవారే ఎక్కువ. ఏ కోర్సు తనకు సరిపోతుందో అంత సూటిగా చెప్పేది మరొకటి లేదు.

ఈమధ్య చాట్‌బాట్‌ను అడిగి కోర్సు ఎంచుకునేవారూ పెరిగారు. పదాలను కాకుండా అర్థాన్ని పోల్చే ఈ కొత్త పద్ధతి, రంగం మాటలు తెలియనివారికి నిజంగా మేలు చేస్తుంది. ‘దుకాణం లెక్కలు కంప్యూటర్‌లో రాయడం నేర్చుకోవాలి’ అని మామూలు మాటల్లో అడిగినా దారి చూపిస్తుంది. అయితే లేని కోర్సును ఉన్నట్టు, ఆగిపోయినదాన్ని నడుస్తున్నట్టు చెప్పే ప్రమాదమూ ఉంది. మాటలు దాన్ని అడగాలి, కోర్సు ఉందో లేదో వేదికలో స్వయంగా చూసుకోవాలి.

సెర్చ్‌ను నడిపేవారికి

కళాశాల పాఠాలు పెట్టే మూడుల్ సైట్‌ను చూసుకునే అధ్యాపకులకు ఈ చర్చలో కొంత భాగం చెందాలి. వాళ్లు ఒక మధ్యాహ్నం కూర్చుంటే వందలమంది పిల్లల వెతుకులాట తగ్గుతుంది. మన ఇంజనీరింగ్ కళాశాలల్లో కోర్సు పేరును ‘ఆర్20 సీఎస్ఈ-బీ 3-1’ అని పెట్టేస్తారు. రెగ్యులేషను, సెక్షను, సెమిస్టరు అన్నీ ఉంటాయి, సబ్జెక్టు ఒక్కటే ఉండదు. పిల్లలేమో ‘డీబీఎంఎస్’ అని, ‘ఫ్లాట్’ అని, ‘డీఏఏ’ అని కొడతారు. పూర్తి పేరులో ‘ఫార్మల్ లాంగ్వేజెస్ అండ్ ఆటోమేటా థియరీ’ అని మాత్రమే ఉంటే ‘ఫ్లాట్’ అని కొట్టినవాడికి ఏమీ రాదు. కోర్సు పరిచయం గడిలో పూర్తి పేరు, పిల్లలు పిలుచుకునే పొట్టి పేరు, పాత రెగ్యులేషన్‌లోని పేరు, రెండు మూడు ముఖ్య పదాలు రాసిపెడితే చాలు, ఖర్చు లేకుండా సెర్చ్ మెరుగవుతుంది. 2016లో వచ్చిన మూడుల్ 3.1 నుంచి గ్లోబల్ సెర్చ్ అనే సదుపాయం ఉంది. సోలర్ అనే సెర్చ్ ఇంజిన్‌ను జతచేస్తే అది కోర్సు లోపలి పేజీలు, చర్చలు, ఫైళ్ల దాకా వెతకగలదు. 2019లో వచ్చిన 3.7 నుంచి కోర్సులకు సొంత గడులు చేర్చుకోవచ్చు: స్థాయి, భాష, ముందు చదవాల్సిన సబ్జెక్టు వగైరా.

సెర్చ్ బాగుపడిందో లేదో ఎలా తెలుస్తుంది? 1950ల చివర్లో ఇంగ్లండ్‌లోని క్రాన్‌ఫీల్డ్‌లో సిరిల్ క్లెవర్డన్ మొదలుపెట్టిన పద్ధతి కళాశాలకూ సరిపోతుంది. పిల్లలు నిజంగా కొట్టిన మాటలు ముప్పయ్యో నలభయ్యో తీసుకుని, ఒక్కోదానికి ఏ కోర్సు రావాలో అధ్యాపకులు ముందే రాసిపెట్టుకోవాలి. ఆ తర్వాత సెర్చ్‌లో కొట్టి, రావాల్సింది మొదటి అయిదింటిలో వచ్చిందా అని లెక్కించాలి. మార్పు చేసిన ప్రతిసారీ అదే జాబితాతో మళ్లీ చూడాలి. ఏ ఫలితమూ రాని మాటల చిట్టా ఉంటే అది మరీ విలువైనది. వాటిలో కొన్ని స్పెల్లింగ్ తేడాలు, కొన్ని పొట్టి పేర్లు. మిగిలినవి పిల్లలు కోరుకుంటున్నా కళాశాల ఇంకా పెట్టని కోర్సులు.

మళ్లీ విద్యార్థుల వైపు తిరిగి, క్రెడిట్ల సంగతికి వస్తే వెతుకులాటలో ఇంకో మెట్టు ఉంది. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో ఒక ప్రోగ్రాంకు ఉన్న కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చదివి క్రెడిట్లు పొందే వీలుంది. 2016 నిబంధనల్లో ఈ పరిమితి 20 శాతమే. ఏ కోర్సును దేనికి బదులుగా ఒప్పుకోవాలో మాత్రం విశ్వవిద్యాలయం, కళాశాల తేల్చాలి. అందుకే చేరకముందే విభాగాధిపతికి ఒక కాగితం రాసి ఆమోదం తీసుకోవడం మంచిది. ఆ కాగితంలో కోర్సు పేరు ఒక్కటే రాస్తే సరిపోదు. ఒకే పేరుతో రెండు కోర్సులు ఉన్నప్పుడు తర్వాత గొడవ వస్తుంది. ఎన్‌పీటెల్ ప్రతి కోర్సుకూ ‘ఎన్ఓసీ’తో మొదలై, ఆ తర్వాత సంవత్సరం, విభాగం, సంఖ్య వచ్చే ఒక కోడ్ ఇస్తుంది. అదే కోర్సు మరో సెమిస్టర్‌లో నడిస్తే కోడ్ మారుతుంది. కోడ్, బోధించే ఆచార్యుల పేరు, నిర్వహించే సంస్థ, వారాల సంఖ్య, పరీక్ష రిజిస్ట్రేషన్ గడువు, ఈ అయిదూ రాసిన కాగితం మీద సంతకం తీసుకుని, దాని నకలు ఒకటి దగ్గర ఉంచుకున్నాకే ‘జాయిన్’ నొక్కాలి.